పిడుగుల వాన తర్వాత మొరాయించిన పూల్ ఆటోమేషన్: బోర్డు కొనే ముందు ఏం చూడాలి

ప్రశ్న ఇది: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు. 16,000 గాలన్ల పూల్, దానికి ఆనుకుని కాస్త ఎత్తులో స్పా, అంటే వేడి నీళ్ళ చిన్న తొట్టి. రెండింటికీ ఒకే పంపు, ఒకే ఫిల్టర్, ఒకే హీటర్. వీటన్నిటినీ నడిపే ఆటోమేషన్ పెట్టె పెంటెయిర్ కంపెనీ ఈజీటచ్ 8, పంపు ఇంటెల్లిఫ్లో, ఉప్పు నీటి నుంచి క్లోరిన్ చేసే ఉప్పు సెల్ ఐసీ40, హీటర్ మాస్టర్‌టెంప్ 400. పోయిన వారం పిడుగుల వాన పడ్డాక స్పా బటన్ నొక్కితే అందులో నీళ్ళు పూల్‌లోకి జారిపోతున్నాయి. హీటర్ వెలిగినట్టే వెలిగి ఆరిపోతోంది. సెల్ మీద ఎర్ర లైటు. ఫోన్‌లో యాప్ ఓసారి కలుస్తుంది, ఓసారి కలవదు. చూడ్డానికొచ్చిన టెక్నీషియన్ మదర్‌బోర్డు పోయిందన్నాడు. మార్చాలా?

ఇప్పుడే కొనకండి. మీరు చెప్పిన నాలుగింటిలో మూడింటికి ఒకటే మూలం అయ్యుండొచ్చు. అది బోర్డు కాదు, తిరగకుండా ఉండిపోయిన ఒక వాల్వు. యాప్ గొడవ వేరే, దాన్ని వీటితో కలపొద్దు.

ఎలాగంటే, మీ సిస్టమ్‌లో స్పా నొక్కగానే రెండు వాల్వులు ఒకేసారి తిరగాలి. పంపుకి ముందున్నది ఇన్‌టేక్ వాల్వు, నీళ్ళు పూల్ నుంచి లాగాలా స్పా నుంచి లాగాలా అన్నది దాని పని. హీటర్ దాటాక ఉన్నది రిటర్న్ వాల్వు, నీళ్ళు ఎక్కడ పోయాలో దాని పని. ఇన్‌టేక్ స్పా వైపు తిరిగి, రిటర్న్ మాత్రం పూల్ వైపే ఉండిపోయిందనుకోండి. పంపు స్పాలోంచి తోడి పూల్‌లో పోస్తుంది. నిమిషానికి 70 గాలన్లు లాగే పంపు 600 గాలన్ల స్పాని తొమ్మిది నిమిషాల్లోపే ఖాళీ చేసేస్తుంది. స్పా మట్టం డ్రెయిన్ దాకా దిగితే పంపు గాలి పీలుస్తుంది, ఫిల్టర్ గేజి మీద ముల్లు పడిపోతుంది, హీటర్‌లోని ప్రెజర్ స్విచ్ తెరుచుకుంటుంది, మంట ఆరిపోతుంది. సెల్‌లోని ఫ్లో స్విచ్ కూడా నీళ్ళు లేవని ఎర్ర లైటు వేస్తుంది. అంతకుముందు కాగిన నీళ్ళు కూడా పూల్‌లోకే పోయాయి కాబట్టి స్పా వేడెక్కనే లేదు. ఒక్క వాల్వుకి మూడు ఫిర్యాదులు.

దీనికి తలకిందుల రకం కూడా ఉంది. ఇన్‌టేక్ పూల్ వైపు ఉండిపోయి రిటర్న్ స్పా వైపు తిరిగితే స్పా నిండి అంచు మీంచి పొర్లుతుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ హీటర్ 16,000 గాలన్లు కాస్తూ కూర్చుంటుంది. మూడో రకం, పంపు ఆగి ఉన్నప్పుడు రాత్రికి రాత్రి స్పా మట్టం పూల్ మట్టానికి దిగిపోవడం. దీనికి కరెంటుతో సంబంధం లేదు. స్పా రిటర్న్ పైపు మీదున్న చెక్ వాల్వులో (నీళ్ళని ఒక వైపే పోనిచ్చే వాల్వు) రెక్క సరిగా మూసుకోవడం లేదన్నమాట. పంపు ఆపి, మూత స్క్రూలు విప్పి చూస్తే ఒక చిన్న రాయో, ఆకు ముక్కో, వంకర పోయిన రెక్కో కనిపిస్తుంది. మూత కింది ఓ రింగుకి సిలికాన్ గ్రీజే రాయండి, వాజెలిన్ రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

కాబట్టి మొదట కళ్ళతో చూడండి. స్పా దిగుతోందా, పొర్లుతోందా, పంపు నడుస్తున్నప్పుడా, ఆగినప్పుడా? ఈ ఒక్క జవాబుతో సగం దారి తేలిపోతుంది. ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా పిల్లల్ని స్పాలోకి దించకండి. మట్టం తగ్గిన స్పాలో డ్రెయిన్ లాగుడు ప్రమాదం.

ఇక పరికరాల దగ్గరికి వెళ్ళండి. ఫోన్ జేబులోనే ఉంచండి. బయటి ప్యానెల్ తలుపు తీస్తే ఆటో, సర్వీస్, టైమ్ అవుట్ అని మూడు మోడ్‌ల లైట్లు ఉంటాయి. సర్వీస్‌లో పెట్టండి. అప్పుడు షెడ్యూళ్ళు, యాప్, లోపలి రిమోట్ ఏవీ అడ్డు రావు, మీరు నొక్కిన బటనే పని చేస్తుంది. పని అయ్యాక మళ్ళీ ఆటోలో పెట్టడం మాత్రం మరవద్దు. సర్వీస్‌లో వదిలేసి, మర్నాడు షెడ్యూల్ నడవలేదని బోర్డుని తిట్టుకోవడం చాలా మామూలు. టైమ్ అవుట్ అయితే మూడు గంటల తర్వాత తనంతట తనే ఆటోకి వచ్చేస్తుంది, మతిమరుపు ఉన్నవాళ్ళకి అదే మేలు.

సర్వీస్‌లో స్పా నొక్కి రెండు వాల్వు మోటర్ల మీదా చెరో చెయ్యి పెట్టండి. 180 డిగ్రీలు తిరగడానికి సుమారు 30 సెకన్లు పడుతుంది, ఆ గరగర చేతికి తెలుస్తుంది. ఒకటి తిరిగి ఒకటి తిరగకపోతే, తిరగని దాని వెనకో పక్కనో ఉన్న చిన్న టాగుల్ స్విచ్ చూడండి. దానికి మూడు స్థానాలు, అటు చివర, ఇటు చివర, మధ్య. మధ్యలో ఉంటే మోటర్ ఆఫ్. గడ్డి కోసేవాడి ట్రిమ్మర్ తీగ తగిలినా, పూల్ శుభ్రం చేసే మనిషి చేత్తో తిప్పి మళ్ళీ పెట్టడం మరిచినా అది మధ్యకి వచ్చేస్తుంది. ఏ పార్టూ కొనక్కర్లేకుండా సరిపోయే కేసు ఇదే. అటూ ఇటూ ఏది సరైనదో తెలియకపోతే ఒక వైపు పెట్టి స్పా నొక్కండి. వాల్వు పూల్ వైపు తిరిగితే రెండో వైపుకి మార్చండి, అంతే.

టాగుల్ సరిగానే ఉండి మోటర్ కదలకపోతే వోల్టేజి కొలిచే మల్టీమీటర్ తీయాలి. ఇక్కడొక హెచ్చరిక. ప్యానెల్‌లో లో-వోల్టేజి అర వేరు, 240 వోల్టులు ఉండే అర వేరు. రెండో దాని మీది రేకు విప్పాలంటే మెయిన్ ప్యానెల్‌లో సబ్-ప్యానెల్ బ్రేకర్ దించాకే. చేతకాదనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలవడంలో నామోషీ లేదు.

వాల్వు మోటర్‌కి వచ్చేవి మూడు తీగలు, నలుపు, ఎరుపు, తెలుపు. నలుపు కామన్. నలుపు-ఎరుపు మధ్య గానీ నలుపు-తెలుపు మధ్య గానీ 24 వోల్టుల ఏసీ ఉండాలి, పూల్ నుంచి స్పాకి మార్చినప్పుడు అది ఒక తీగ నుంచి ఇంకో తీగకి మారాలి. బోర్డు మీద ఇన్‌టేక్, రిటర్న్ అని రాసి ఉన్న సాకెట్లలోనే కొలవండి. అక్కడ 24 వోల్టులు వచ్చి మారుతుంటే బోర్డు తన పని చేస్తోంది, నేరం తీగదో మోటర్‌దో. ఇంకా సులువైన పరీక్ష, రెండు ప్లగ్గులూ తీసి ఒకదాని చోట ఒకటి పెట్టడం. తిరగని మోటర్ రెండో సాకెట్‌లో తిరిగితే అనుమానం బోర్డు మీదికి మళ్ళుతుంది. అక్కడా తిరగకపోతే బోర్డు నిర్దోషి. మీ టెక్నీషియన్ ఈ ఒక్క పని చేసి ఉంటే చాలు. ప్లగ్గులు తిరిగి వాటి చోట పెట్టేయండి, లేకపోతే రేపు ఇంకో కొత్త జబ్బు.

రెండు సాకెట్లలోనూ ఏమీ రాకపోతే వెంటనే బోర్డు అనకండి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే లో-వోల్టేజి బ్రేకర్ బటన్ ఎగిరి ఉండొచ్చు. నీళ్ళు దిగిన ఒక మోటర్ షార్ట్ అయి ఆ బ్రేకర్‌ని ఎగరగొడుతుంది. రెండు ప్లగ్గులూ పీకి, బటన్ లోపలికి నొక్కి, ఒక్కొక్కటే పెడుతూ చూడండి. ఏది పెట్టగానే ఎగిరితే అదే దొంగ.

వోల్టేజి వస్తోంది, మోటర్ గురగురమంటోంది, కానీ తిరగదు అంటే, కరెంటు ఆపి మోటర్‌ని పట్టి ఉంచే నాలుగు స్క్రూలు విప్పి, దాన్ని వాల్వు మీంచి ఎత్తేయండి. ఇప్పుడు వాల్వు కాడని చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుపోయి ఉంటే లోపల నీళ్ళ దారి మార్చే డైవర్టర్ సీలు ఎండిపోయింది. పంపు ఆపి, వాల్వు పూల్ మట్టం కంటే కింద ఉంటే నీళ్ళు ఎగదన్నకుండా దారి మూసి, మూత తీసి సిలికాన్ గ్రీజు పట్టించాలి. కాడ తేలిగ్గా తిరుగుతుంటే మోటర్ లోపలి పళ్ళచక్రాలు అరిగాయి, మోటరే మార్చాలి. ఈ 24 వోల్టుల మూడు తీగల మోటర్లు పెంటెయిర్, జాండీ రెండూ దాదాపు ఒకే కొలతల్లో చేస్తాయి. ఒకదాని చోట ఒకటి కూర్చుంటుంది.

ఇక తిరుగుతుంది గానీ సగంలో ఆగిపోతుంది అంటే, మోటర్ మూత కింద కామ్‌లనే మిట్టలున్న చిన్న చక్రాలు ఉంటాయి. అవి తిరుగుతూ చిన్న మైక్రో స్విచ్‌లని నొక్కితే కరెంటు తెగి వాల్వు ఆగుతుంది. కామ్ జరిగితే వాల్వు 180కి బదులు 150 డిగ్రీల దగ్గర ఆగి, స్పా నీళ్ళలో కొంత పూల్‌లోకి వదులుతుంది. అప్పుడు స్పా గబగబా కాదు, నెమ్మదిగా దిగుతుంది, అదే గుర్తు. స్పా స్పిల్‌వే (స్పా నీళ్ళు పూల్‌లోకి పొర్లే అంచు) మీద రోజూ కాస్త నీరు జారాలని కావాలనే రిటర్న్ వాల్వు కామ్‌ని కాస్త తెరిచి పెట్టిన ఇళ్ళూ ఉంటాయి. అది పూల్ మోడ్‌లో సంగతి, దాన్ని చెరపకండి. స్పా మోడ్‌లో చివరి స్థానాన్ని మాత్రమే సరిచేయండి.

వాల్వులు తిరిగాయి, స్పా మట్టం నిలబడింది. ఇప్పుడు హీటర్.

ముందు ఈజీటచ్ మెనూలో చూడండి. స్పాకి హీట్ సోర్స్ 'హీటర్' అని ఉందా, 'ఆఫ్' అని ఉందా? సెట్ చేసిన వేడి ఇప్పటి నీటి వేడి కంటే ఎక్కువ ఉందా? సెట్టింగ్స్‌లో 'మాన్యువల్ హీట్' ఆన్‌లో ఉందా? అది ఆఫ్‌లో ఉంటే షెడ్యూల్ ప్రకారం వచ్చిన స్పా వేడెక్కుతుంది, మీరు చేత్తో నొక్కిన స్పా వేడెక్కదు. తర్వాత హీటర్ ముందు ప్యానెల్. ఆటోమేషన్ రెండు తీగలతో హీటర్ ఫైర్‌మన్ స్విచ్ (బయటి నుంచి వెలుగు, ఆగు అని చెప్పే స్విచ్) టెర్మినళ్ళకి కలిపి ఉంటే, హీటర్ మీద కూడా పూల్ గానీ స్పా గానీ ఆన్‌లోనే ఉండాలి, దాని సెట్టింగ్ 104 డిగ్రీల ఫారన్‌హీట్‌కి పెంచి ఉంచాలి. హీటర్ ప్యానెల్ ఆఫ్‌లో పెట్టి ఆటోమేషన్‌ని అడిగితే అది ఎన్నటికీ వెలిగించలేదు. ఎవరిది తక్కువ సెట్టింగో వాళ్ళ మాటే చెల్లుతుంది.

ఆ రెండు తీగల దగ్గర ఒక కొలత చాలు, తగువు తీరిపోతుంది. పంపు నడుస్తూ, ఆటోమేషన్ వేడి అడుగుతున్న సమయంలో ఆ రెండు టెర్మినళ్ళ మధ్య ఏసీ వోల్టేజి చూడండి. దాదాపు సున్నా వస్తే ఆటోమేషన్ స్విచ్ మూసింది, వేడి అడుగుతోంది, లోపం హీటర్ వైపు. 24 వోల్టులు వస్తే స్విచ్ తెరిచే ఉంది, ఆటోమేషన్ అడగనే లేదు. చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు, వోల్టేజి ఉంది కాబట్టి సిగ్నల్ వస్తోందని. కాదు. తెరిచిన స్విచ్ మీదే వోల్టేజి కనిపిస్తుంది.

హీటర్ వైపే అని తేలితే దాని లైట్లు చదవండి. సర్వీస్ సిస్టమ్ లైటు అంటే నీళ్ళ గొడవ. పంపు ఆగి ఉన్నప్పుడు అది వెలగడం మామూలే. సర్వీస్ హీటర్ అంటే హీటర్ గొడవ. లోపలి బోర్డు మీద పీఎస్ వెలిగితే నీటి ప్రెజర్ స్విచ్, హెచ్ఎల్ఎస్ వెలిగితే 135 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర తెగే హై లిమిట్, ఏజీఎస్ వెలిగితే 140 దగ్గర గ్యాస్ ఆపే స్విచ్. పీఎస్ అయితే హీటర్‌ని వదిలి ఫిల్టర్ చూడండి. మాస్టర్‌టెంప్ 400కి కనీసం నిమిషానికి 40 గాలన్లు కావాలి. ఇంటెల్లిఫ్లో 450 నుంచి 3450 ఆర్పీఎం వరకు నడుస్తుంది. కరెంటు ఆదా అని స్పాకి 1500 ఆర్పీఎం పెట్టుకుంటే, మురికి పట్టిన ఫిల్టర్‌తో ఆ 40 గాలన్లు అందకపోవచ్చు. స్పా సర్క్యూట్‌కి 2600 పెట్టి చూడండి. వెలిగి నిలబడితే నెమ్మదిగా వందేసి తగ్గిస్తూ ఆరిపోయే చోటు కనుక్కుని, దానికి మూడు వందలు పైన ఉంచండి. ఫిల్టర్ కడిగిన రోజు గేజి ఎంత చూపించిందో ఫెల్ట్ పెన్‌తో డబ్బా మీదే రాసుకోండి. దానికంటే నాలుగో వంతు పెరిగితే మళ్ళీ కడిగే వేళయింది. గ్యాస్ వాల్వు, మంట, పొగగొట్టం జోలికి మాత్రం లైసెన్సున్న మనిషే వెళ్ళాలి.

ఇంకో మాట. స్పా ఆపేశాక కూడా పంపు కాసేపు నడుస్తూ ఉంటే అది జబ్బు కాదు. హీటర్ చల్లబడడానికి పెట్టిన కూల్-డౌన్ డిలే అది. దాన్ని విసుక్కుని బ్రేకర్ దించేస్తే వేడి లోపలే నిలిచి హీట్ ఎక్స్‌ఛేంజర్‌కి చేటు.

ఇప్పుడు సెల్. ఎర్ర లైటు అన్నారు, ఏ లైటు అనలేదు. ఐసీ40 మీద ఫ్లో లైటు వేరు, ఉప్పు లైటు వేరు. ఫ్లో ఎర్రగా ఉండి, వాల్వులు సరిచేశాక పోతే అక్కడితో సరి. పూల్ మోడ్‌లో, 2000 ఆర్పీఎం పైన కూడా ఫ్లో ఎర్రగానే ఉంటే ఫ్లో స్విచ్ పోయినట్టు, లేదా దాని నాలికకి చెత్త అడ్డుపడినట్టు. సెల్ విప్పి లోపల చూడండి.

ఉప్పు లైటు అయితే ఆటోమేషన్ చెప్పే అంకెని నమ్మకండి. సెల్ ఉప్పుని నేరుగా కొలవదు, నీటి వాహకతనీ వేడినీ బట్టి లెక్క కడుతుంది. పలకల మీద సున్నం పట్టినా, లోపలి ఉష్ణ సెన్సర్ తప్పు చూపినా, సెల్ ముసలిదైనా ఉప్పు తక్కువనే అంటుంది. టేలర్ కె-1766 లాంటి చుక్కల కిట్‌తో విడిగా కొలవండి. పది మిల్లీలీటర్ల నీటికి ఒక్కో చుక్క 200 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఇన్ని పాళ్ళు). కిట్ 3400 అంటూ సెల్ 2500 అంటుంటే ఉప్పు పోయొద్దు, రోగం సెల్‌లో ఉంది. యాప్ మాట నమ్మి బస్తా మీద బస్తా పోసి 5000 దాటించుకున్నవాళ్ళకి మిగిలే దారి ఒకటే, నీళ్ళు బయటికి తోడడం.

నిజంగానే తగ్గితే లెక్క ఇది: వెయ్యి గాలన్లలో వెయ్యి పీపీఎం పెంచడానికి 8.35 పౌండ్లు. పెద్ద వానకి మీ పూల్ పొర్లి 2600కి వచ్చిందనుకోండి. 3400 కావాలి, అంటే 800 పెంచాలి. 16 ఇంటూ 0.8 ఇంటూ 8.35, దాదాపు 107 పౌండ్లు. 40 పౌండ్ల బస్తాలు మూడు కంటే కాస్త తక్కువ. రెండే పోసి, పంపు నడుపుతూ బ్రష్‌తో కలిపి, 24 గంటలాగి మళ్ళీ కొలిచి మిగతాది పోయండి. ఉప్పు వేయడం తేలిక, తీయడం కష్టం.

సెల్ పలకల మధ్య తెల్లటి పెచ్చులు కనిపిస్తేనే యాసిడ్. నాలుగు పాళ్ళు నీళ్ళు ముందు పోసి, అందులో ఒక పాలు మ్యూరియాటిక్ యాసిడ్ కలపాలి, ఎప్పుడూ యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. గ్లవ్స్, కళ్ళద్దాలు వేసుకుని, గాలి ఉన్న చోట. బుడగలు ఆగగానే కడిగేయండి, 15 నిమిషాలు దాటొద్దు. పలకల మీది పూతే సెల్ ప్రాణం, యాసిడ్ సున్నంతో పాటు దాన్నీ తింటుంది. అందుకే 'ఎందుకైనా మంచిది' అని నెలనెలా కడగడం సెల్ ఆయుష్షు తగ్గించడమే. డాలస్ చుట్టుపక్కల నీళ్ళు గట్టివి, ఉప్పు సెల్ ఉన్న పూల్‌లో పీహెచ్ పైకే పోతుంది. దాన్ని 7.6-7.8 మధ్య పట్టి ఉంచితే పెచ్చు తక్కువ కడుతుంది.

చలికాలం సంగతి కూడా ఇక్కడే. నీళ్ళు 52 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి వెళ్తే ఐసీ40 క్లోరిన్ చేయడం ఆపేస్తుంది. అది చెడిపోవడం కాదు. ఆ నెలల్లో ద్రవ క్లోరిన్ పోసుకోవాలి. పది శాతంది ఒక గాలన్ మీ పూల్‌లో సుమారు 6 పీపీఎం పెంచుతుంది.

సెల్ వైరింగ్‌లో తప్పక చూడాల్సింది ఒకటుంది, ఎందుకంటే ఇది ప్రాణాల విషయం. సెల్ ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఫిల్టర్ పంపు రిలే (బోర్డు చెప్పినప్పుడు కరెంటు కలిపి, తెంపే స్విచ్) దాటాక, అంటే రిలే మూసినప్పుడు మాత్రమే వచ్చే వైపు నుంచి రావాలి. పంపుకి మాత్రం కరెంటు నేరుగా బ్రేకర్ నుంచి, ఎప్పుడూ ఉండేలా రావాలి. ఈ రెండూ తారుమారైన ఇళ్ళు ఉన్నాయి. పంపుని రిలే మీద పెడితే, రిలే తెరిచినప్పుడల్లా పంపు మెదడుకే కరెంటు పోయి ఆటోమేషన్‌తో మాట తెగుతుంది. సెల్‌ని నేరుగా బ్రేకర్ మీద పెడితే, పంపు ఆగినా సెల్‌కి కరెంటు ఉంటుంది. అప్పుడు ఫ్లో స్విచ్ కూడా మూసుకుని చిక్కుకుపోయిందంటే నిలిచిన నీళ్ళలో హైడ్రోజన్ తయారై పైపులో పోగవుతుంది, పేలుతుంది కూడా. పంపు ఆగినప్పుడు సెల్ లైట్లన్నీ ఆరిపోవాలి. ఆరకపోతే ఇవాళే సెల్ ప్లగ్ పీకేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

పంపు గురించి మీరు ఫిర్యాదు చేయలేదు గానీ, పిడుగు తర్వాత తరచు దెబ్బతినేది పంపుకీ బోర్డుకీ మధ్యనున్న సంభాషణ తీగే. పంపు తెరమీద 'డిస్‌ప్లే నాట్ యాక్టివ్' అని ఉంటే కంగారుపడకండి, అది శుభవార్త. ఆటోమేషన్ తనని నడుపుతోందని పంపు చెబుతోంది. ఆ మాట పోయి మామూలు మెనూ కనిపిస్తుంటే, పంపు ఆగిపోతుంటే, మాట తెగిందని. పంపు కేబుల్‌లో పసుపు బోర్డు పసుపుకి, ఆకుపచ్చ ఆకుపచ్చకి. ఎరుపు, నలుపు ఈ పంపుకి అక్కర్లేదు, కొసలు విడివిడిగా టేపు చుట్టి వదిలేయాలి. పంపు మెనూలో దాని అడ్రస్ 1 అని ఉండాలి. మధ్యలో ఎక్కడైనా అతుకు ఉండి నీళ్ళు దిగితే పచ్చటి చిలుము పడుతుంది. అక్కడ కోసి జెల్ నింపిన కనెక్టర్ వేయండి.

రిలే టక్ మంటుంది, కానీ లైటో, స్పాలో గాలి బుడగలు వేసే బ్లోయరో రాదు అంటే రిలే కాంటాక్టులు చూడండి, బ్రేకర్ దించాకే సుమా. టెక్సస్ ఎర్ర చీమలకి ఈ పెట్టెలంటే మహా ఇష్టం. కాంటాక్టుల మధ్య నలిగి, కాలి, నల్లటి పొరగా పేరుకుంటాయి. రిలే మార్చి, పైపులు పెట్టెలోకి వచ్చే కన్నాల్ని డక్ట్ సీల్ మైనంతో మూస్తే మళ్ళీ రావు.

యాప్‌కి వస్తే, బయటి ప్యానెల్ మీద అన్నీ పనిచేస్తూ ఫోన్‌లో మాత్రమే పోతుంటే అది పూల్ సమస్య కాదు, ఇంటి నెట్‌వర్క్ సమస్య. దారిని ముక్కలుగా చూడండి. ఫోన్ నుంచి రౌటర్, రౌటర్ నుంచి ఇంట్లోని స్క్రీన్‌లాజిక్ అడాప్టర్ (యాప్‌నీ బోర్డునీ కలిపే పెట్టె), అక్కడి నుంచి బయటి బోర్డు. ఇంటి వైఫైలో ఉన్నప్పుడు కలుస్తూ, బయటికెళ్ళాక కలవకపోతే గొడవ ఇంటర్నెట్‌ది. ఇంట్లో ఉన్నా కలవకపోతే అడాప్టర్ పవర్ తీసి ఒక నిమిషం ఆగి పెట్టండి. దాని ఈథర్‌నెట్ తీగ రౌటర్‌కి నేరుగా వెళ్తోందా, మధ్యలో వైఫై దూరం పెంచే మెష్ పెట్టె ఏదైనా కొత్తగా దూరిందా చూడండి. అడాప్టర్‌కీ బయటి బోర్డుకీ వైర్‌లెస్ జత వాడుతుంటే, ఒక రోజు లోపలి పెట్టెని తీసుకెళ్ళి బోర్డుకే తీగతో కలిపి చూడండి. అప్పుడు నిలకడగా ఉంటే ఆ వైర్‌లెస్ జతదే లోపం.

నిజంగా పిడుగు దెబ్బేనా అని తేల్చేది ఈ పరీక్ష. బోర్డు కామ్ పోర్ట్‌లో (పంపు, సెల్, యాప్ అడాప్టర్ల సంభాషణ తీగలు కలిసే సాకెట్) ఎరుపు-నలుపు మధ్య సుమారు 15 వోల్టుల డీసీ ఉండాలి. లేకపోతే పోర్ట్ నుంచి తీగలన్నీ పీకి మళ్ళీ కొలవండి. ఇప్పుడు వస్తే బోర్డు బాగుంది, పీకిన వాటిలో ఏదో షార్ట్ అయింది. పంపు, సెల్, యాప్ అడాప్టర్ ఒక్కొక్కటే కలుపుతూ రండి. ఇవన్నీ ఒకే తీగ మీద మాట్లాడుకుంటాయి కాబట్టి చచ్చిన పెట్టె ఒకటుంటే మిగతా అందరి నోరూ మూయిస్తుంది. ఏది కలపగానే అందరూ మూగబోతారో అదే పోయింది.

సెన్సర్ల మీద రెండు మాటలు. గాలి, నీటి వేడి సెన్సర్లు రెండూ 10 కిలో-ఓమ్ థర్మిస్టర్లే, అంటే వేడిని బట్టి నిరోధం మారేవి. తీగలు బోర్డు నుంచి విప్పి మీటర్ పెట్టండి. 77 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర 10,000 ఓమ్‌లు, 50 దగ్గర సుమారు 19,900, 86 దగ్గర సుమారు 8,000, 104 దగ్గర 5,300. వేడి పెరిగితే ఓమ్‌లు తగ్గుతాయి. కాబట్టి చిలుము పట్టిన అతుకు ఓమ్‌లు పెంచి లేని చలిని చూపిస్తుంది. జూలై మధ్యాహ్నం గడ్డకట్టు రక్షణ (చలికి పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా పంపుని తిప్పే ఏర్పాటు) లేచి పంపు ఆగకుండా తిరగడం వెనకున్నది ఈ అతుకే. గాలి సెన్సర్ ఎండలో ఉంటే దానికి విరుద్ధం, చలి వచ్చినా ఆలస్యంగా తెలుస్తుంది. నీడకి మార్చండి. నీటి సెన్సర్ హీటర్‌కి ముందే ఉండాలి, తర్వాత ఉంటే కాగిన నీళ్ళనే కొలిచి హీటర్‌ని ఊరికే ఆపేస్తుంది. పంపు ఆగి ఉన్నప్పుడు అది చెప్పేది పైపులో నిలిచిన నీటి వేడి, పూల్‌ది కాదు.

గడ్డకట్టు రక్షణ కరెంటు ఉన్నంతవరకే. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో కరెంటు పోయి పైపులు, పంపులు, ఫిల్టర్లు పగిలిన ఇళ్ళు లెక్కలేనన్ని. అలాంటి రాత్రి కరెంటు పోతే బ్రేకర్లు దించి, పంపు, ఫిల్టర్, హీటర్ డ్రెయిన్ ప్లగ్గులు విప్పి నీళ్ళు వదిలేయాలి. ప్లగ్గులన్నీ పంపు బుట్టలోనే వేసి ఉంచితే తిరిగి నింపే రోజు వెతుక్కోనక్కర్లేదు.

కరెంటు పోయి వచ్చాక గడియారం చూడండి, ముఖ్యంగా ఏఎం, పీఎం. చేత్తో ఆన్ చేసిన పూల్ పన్నెండు గంటలకి దానంతట అదే ఆగిపోతుంటే ఎగ్ టైమర్ అది. మామూలుగా 12 గంటలకి పెట్టి వస్తుంది, మెనూలో మార్చుకోవచ్చు.

ఇన్ని చూశాక బోర్డు ఎప్పుడు మార్చాలి? ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వోల్టేజి సరిగా వస్తూ, బ్రేకర్ బటన్లు లోపలే ఉంటూ, కామ్ పోర్ట్ తీగలన్నీ పీకేసినా తెర వెలగకపోతే. లేదా మోటర్లు అటూ ఇటూ మార్చి చూసినా ఒకే వాల్వు సాకెట్ చచ్చి ఉంటే. లేదా పోర్ట్‌లో 15 వోల్టులు ఉండి, ఒక్క పంపునే కొత్త తీగతో కలిపినా మాట కలవకపోతే. అప్పుడు కూడా ముందు మెనూలన్నీ ఫొటోలు తీసుకోండి: సర్క్యూట్ల పేర్లు, పంపు వేగాలు, షెడ్యూళ్ళు, వాల్వు కేటాయింపులు. ప్రతి తీగకీ టేపు చుట్టి పేరు రాయండి. ఆర్డర్ చేసేటప్పుడు మీది 8 సర్క్యూట్లది, పూల్-స్పా ఒకే పరికరాలు పంచుకునే రకమని చెప్పండి. వేరే రకం బోర్డు వస్తే తెర వెలుగుతుంది, మెనూలూ వస్తాయి, స్పా బటన్ మాత్రం వాల్వులని కదపదు.